ఐరన్ నైట్రైడ్ పొరలో 2.6 టెస్లా వచ్చిందంటే ముందు మందం కొలవాలి

మహబూబ్‌నగర్ నుంచి ఒక పరిశోధన విద్యార్థిని అడిగిన ప్రశ్న సారాంశం ఇది. డీసీ మాగ్నెట్రాన్ స్పట్టరింగ్‌తో, అంటే ప్లాస్మాతో లోహపు పలకను కొట్టి రాలిన పరమాణువులను పొరగా పేర్చే పద్ధతితో, గాజు పలకల మీద ఇనుము, నైట్రోజన్ కలిసిన పలుచని పొరలు వేశారు. ఆర్గాన్‌లో నైట్రోజన్‌ను సున్నా నుంచి 10 శాతం దాకా పెంచుతూ పోయారు. 4 శాతం దగ్గర వీఎస్ఎం (నమూనాను కంపింపజేసి అయస్కాంతత్వం కొలిచే యంత్రం) 2.6 టెస్లా సంతృప్త అయస్కాంతీకరణం, అంటే పొర చేరగల గరిష్ఠ అయస్కాంతీకరణం, చూపించింది. ఎక్స్‌రేలో మాత్రం 44.5 డిగ్రీల దగ్గర ఒకే ఒక పీక్ ఉంది, దాని వెడల్పు 0.6 డిగ్రీలు. కోయర్సివిటీ, అంటే అయస్కాంతీకరణాన్ని తిరిగి సున్నాకు తేవడానికి కావలసిన ఎదురు క్షేత్రం, ఎంత ప్రయత్నించినా 12 ఆయర్‌స్టెడ్ కంటే దిగడం లేదు. గైడ్ గారు ఇది ఆల్ఫా డబుల్ ప్రైమ్ దశే (ఎక్కువ అయస్కాంతీకరణానికి పేరుపడ్డ ఒక ఐరన్ నైట్రైడ్ స్ఫటికం), వెంటనే పేపర్ రాయమంటున్నారు. రాయవచ్చా, కోయర్సివిటీ దిగాలంటే ఏం చేయాలి అని ఆమె అడిగారు.

చూడండి అమ్మా, పేపర్ ఇప్పుడే రాయకండి. మీ పొర బాగానే ఉందనిపిస్తోంది. కొలతలే బాగా లేవు. రెండు అంకెల్లో ఒకటి పూర్తిగా, రెండోది సగం మీ పరికరాల నుంచే వచ్చాయని నా అనుమానం. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా స్పట్టరింగ్ చాంబర్ల పక్కన గడిపి, ఇప్పుడు నల్లగొండలో ఇంటి పట్టున ఉంటున్నవాణ్ని. ఈ 2.6 టెస్లాను నేను కూడా ఒకసారి చూశాను. రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు మందం కొలిస్తే అంతా ఆవిరైపోయింది.

ముందు ఆల్ఫా డబుల్ ప్రైమ్ కథ చెప్పాలి, ఎందుకంటే మీ గైడ్ గారి ఉత్సాహం ఊరికే పుట్టింది కాదు. పదహారు ఇనుము పరమాణువులకు రెండు నైట్రోజన్ పరమాణువులు క్రమపద్ధతిలో అమరిన ఈ దశ నిర్మాణాన్ని జాక్ 1951లో తేల్చాడు. 1972లో జపాన్‌లో కిమ్, తకహాషి అనే ఇద్దరు పరిశోధకులు నైట్రోజన్ వాయువులో ఇనుమును ఆవిరి చేసి వేసిన పొరల్లో శుద్ధ ఇనుము కంటే చాలా ఎక్కువ అయస్కాంతీకరణం ఉందని ప్రకటించారు. దాదాపు ఇరవై ఏళ్ల తరువాత హిటాచీ వాళ్లు అణుపుంజ పద్ధతితో పెంచిన ఏకస్ఫటిక పొరల్లో 2.9 టెస్లా దాకా చూపించారు. శుద్ధ ఇనుముది 2.15. ఇనుము, కోబాల్ట్ మిశ్రమానిది 2.4 చిల్లర. మామూలు మిశ్రమాల్లో అదే పైమెట్టు. దాన్ని దాటామంటే లోకం ఊరుకుంటుందా? ప్రపంచమంతా ఎగబడింది. చాలా ప్రయోగశాలలకు ఆ అంకె రాలేదు. వాదన దశాబ్దాల పాటు సాగింది, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

ఈ కథలో మీకు పనికొచ్చే విషయం వేరే ఉంది. ఆల్ఫా డబుల్ ప్రైమ్ స్ఫటికం ఘనాకారం కాదు, ఒక దిక్కుకు సాగిన పెట్టె. పొడవు, వెడల్పు 5.72 ఆంగ్‌స్ట్రాములైతే ఎత్తు 6.29. ఆ సాగుడు వల్ల అయస్కాంతీకరణానికి ఒక అక్షం మీద గట్టి ఇష్టం ఏర్పడుతుంది. ఆ ఇష్టాన్నే అనైసోట్రొపీ అంటారు. ఈ దశలో అది ఘనమీటరుకు పది లక్షల జౌళ్ల స్థాయిలో ఉంటుంది, అంటే ఇనుముతో పోలిస్తే ఇరవై రెట్లు. అందుకే ఈ రోజుల్లో దాన్ని అరుదైన మృత్తికలు లేని శాశ్వత అయస్కాంతంగా మార్చాలని అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి పుట్టిన కంపెనీ ప్రయత్నిస్తోంది. మీ సిద్ధాంత వ్యాసం పేరులోనే మెత్తని అయస్కాంత ధర్మాలు అని ఉంది, మెత్తదనం అంటే కోయర్సివిటీ చాలా తక్కువగా ఉండటం. మీ పొరలో నిజంగా ఆ దశ ఎటు పడితే అటు తిరిగిన గ్రెయిన్లతో (చిన్న స్ఫటిక రేణువులతో) నిండి ఉంటే, మీ కోయర్సివిటీ 12 దగ్గర ఆగేది కాదు, వందల్లోకి పోయేది. ఒకే పొరకు రెండు కిరీటాలూ పెట్టలేం.

ఇక ఎక్స్‌రే సాక్ష్యం. రాగి కిరణాలతో ఆల్ఫా ఇనుము 110 పీక్ 44.67 డిగ్రీల దగ్గర వస్తుంది. ఆల్ఫా డబుల్ ప్రైమ్ 220 పీక్ లెక్క వేస్తే 44.8 దగ్గర పడుతుంది. మీ పీక్ వెడల్పే 0.6 అయినప్పుడు ఈ రెండింటినీ విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆ దశ ఉందనడానికి గుర్తు 42.7 దగ్గర రావలసిన 202 పీక్. అదీ కాక నైట్రోజన్ క్రమంగా అమరిందని చెప్పే తక్కువ కోణపు సూపర్‌లాటిస్ పీకులు కావాలి. అవి చూపించకుండా పేరు పెడితే సమీక్షకుడు మొదటి పేరా దగ్గరే ఆపేస్తాడు. పైగా ఆ క్రమం మామూలుగా పొర వేయగానే రాదు. 150 నుంచి 200 డిగ్రీల మధ్య నెమ్మదిగా, గంటల తరబడి వేడి చేస్తే వస్తుంది. కాస్త వేడెక్కువైతే ఇనుముగానూ గామా ప్రైమ్ అనే ఇంకో ఐరన్ నైట్రైడ్‌గానూ విడిపోతుంది.

మీ పీక్ 44.67 నుంచి 44.5కి జరిగింది కదా, అంటే పొరకు లంబ దిశలో పరమాణు తలాల మధ్య దూరం 0.36 శాతం పెరిగింది. అదంతా నైట్రోజన్ చొరబడ్డందుకే అని రాసేయకండి. స్పట్టరింగ్ పొరలు సాధారణంగా తలంలో నొక్కుడు ఒత్తిడితో ఉంటాయి. రబ్బరు ముక్కను రెండు పక్కల నుంచీ నొక్కితే మధ్యలో ఎలా ఉబ్బుతుందో ఇదీ అంతే. 500 మెగాపాస్కల్ ఒత్తిడి ఉంటే దాని వల్లే 0.14 శాతం సాగుడు వస్తుంది. మిగిలింది నైట్రోజన్ ఖాతాలో వేయవచ్చు. ఇంకొకటి, రాగి కిరణాలు ఇనుము నుంచి ఫ్లోరసెన్స్ పుట్టిస్తాయి, అందుకే మీ బ్యాక్‌గ్రౌండ్ అంత ఎత్తుగా ఉంది. కోబాల్ట్ ట్యూబు ఉన్న యంత్రం దొరికితే అదే పీక్ 52.4 దగ్గర శుభ్రంగా వస్తుంది. గామా ప్రైమ్ ఎంతోకొంత ఉంటే అప్పుడు కనబడుతుంది. రాగితో అయితే 41.2, 47.9 దగ్గర వెతకండి.

సరే, 2.6 ఎలా వచ్చింది? మీరు మందం ఎలా తెలుసుకున్నారో ప్రశ్నలో ఒకే ఒక ముక్క రాశారు: క్వార్ట్జ్ మానిటర్ 160 నానోమీటర్లు చూపించింది అని. అక్కడే ఉంది కిటుకు. ఆ క్వార్ట్జ్ బిళ్ల మీ గాజు పలక ఉన్న చోట ఉండదు, పక్కన ఎక్కడో వాలుగా ఉంటుంది. దాని మీద పడే పదార్థం తక్కువ, పలక మీద పడేది ఎక్కువ, లేదా అటుదిటు. ఆ నిష్పత్తిని టూలింగ్ ఫ్యాక్టర్ అంటారు. మీ కంటే ముందు చాంబర్ వాడినవాళ్లు వేరే లక్ష్యానికి (పొర కోసం ప్లాస్మాతో కొట్టే లోహపు పలకకు) పెట్టిన విలువ అలాగే ఉండిపోయి ఉంటుంది. వీఎస్ఎం మీకు చెప్పేది మొత్తం భ్రామకం (ముక్క మొత్తానికి ఉన్న అయస్కాంత బలం) మాత్రమే, దాన్ని ఘనపరిమాణంతో భాగించేది మీరే. నిజమైన మందం 200 నానోమీటర్లు అనుకోండి. మీరు 160తో భాగించారు. అప్పుడు 2.1 టెస్లా ఉన్న మామూలు పొర 2.625గా కనబడుతుంది. మీకు వచ్చింది 2.6. నేను జాతకం చెప్పడం లేదు, అంకె అంత దగ్గరగా అతికింది కాబట్టి అంటున్నాను.

మందం కొలవడానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. గాజు పలక మీద పర్మనెంట్ మార్కర్‌తో ఒక గీత గీసి, ఆరనిచ్చి, పొర వేయండి. తరువాత ఎసిటోన్‌లో ముంచి దూదితో తుడిస్తే గీత మీది పొర లేచిపోతుంది, చక్కని మెట్టు మిగులుతుంది. స్టైలస్ ప్రొఫైలోమీటర్‌తో, అంటే సూదిమొనను జరిపి ఎత్తు చూసే పరికరంతో, మూడు నాలుగు చోట్ల ఆ మెట్టు ఎత్తు తీయండి. మార్కర్ గీత మరీ లావుగా గీస్తే అంచులో సిరా గట్టు కట్టి మెట్టు కొమ్ము తేలుతుంది, కొనతో తేలిగ్గా గీయాలి. ఇంకా నమ్మకం కావాలంటే అదే షరతులతో 50 నానోమీటర్ల పొర ఒకటి వేసి ఎక్స్‌రే రిఫ్లెక్టివిటీ (పొర పై, కింది అంచుల నుంచి తిరిగొచ్చే ఎక్స్‌రేల చారలతో మందం తేల్చే పద్ధతి) చేయించండి. ఆ మందానికి చారల మధ్య దూరం సుమారు 0.18 డిగ్రీలు వస్తుంది, సులువుగా లెక్కపెట్టవచ్చు. 200 నానోమీటర్లకు అది 0.04కి పడిపోతుంది, మామూలు యంత్రాలకు కష్టం. సాంద్రత కూడా దాంట్లోనే తెలుస్తుంది. విశ్వవిద్యాలయాల విద్యార్థులకు ఇందౌర్‌లోని యూజీసీ-డీఏఈ కేంద్రంలో ఇలాంటి సౌకర్యాలు అందుబాటులో ఉంటాయి, గైడ్ గారి ద్వారా దరఖాస్తు పెట్టండి. ఇనుము పరమాణువుల పరిసరాలను గామా కిరణాలతో చదివే మోస్‌బావర్ కూడా అక్కడే ఉంది. ఆల్ఫా డబుల్ ప్రైమ్ ఉందో లేదో చివరి తీర్పు ఇవ్వగలిగేది అదే, ఎందుకంటే ఆ దశలో ఇనుము మూడు రకాల స్థానాల్లో ఉండి మూడు వేర్వేరు ఆరు గీతల సమూహాలు ఇస్తుంది.

వైశాల్యం కూడా మరవకండి. 5 మిల్లీమీటర్ల చదరం అని రాసుకుంటాం, గాజు కోసేటప్పుడు అది 5.3, 4.8 అవుతుంది. ముక్కను గ్రాఫ్ పేపర్ మీద పెట్టి ఫోనుతో ఫొటో తీసి లెక్కించండి. ఆ ముక్కలో 200 నానోమీటర్ల పొర మొత్తం భ్రామకం 0.0085 ఈఎంయూ (భ్రామకానికి వాడే యూనిట్) చుట్టుపక్కల ఉంటుంది, కాబట్టి స్టీలు పటకారు నుంచి అంటిన ఇనుప రజను కూడా లెక్కలోకి వస్తుంది. ప్లాస్టిక్ పటకారు వాడండి. గాజు పలకను పొర లేకుండా ఒకసారి కొలిచి ఆ వాలును తీసివేయండి.

ఇప్పుడు అసలు విషయానికి, మెత్తదనానికి, వద్దాం. ఇక్కడ నా అభిప్రాయం ఒకటే. ఐరన్ నైట్రైడ్ పొరల్లో నైట్రోజన్ చేసే గొప్ప పని అయస్కాంతీకరణం పెంచడం కాదు, గ్రెయిన్లను చిన్నవి చేయడం. దశ పేరు కోసం వెతికేవాళ్లు ఈ మాటను పట్టించుకోరు.

ఇనుము ఘనస్ఫటికం. దాని సహజ అనైసోట్రొపీ ఘనమీటరుకు 48,000 జౌళ్లు. పొరలో ప్రతి గ్రెయిన్ తనకు నచ్చిన దిక్కుకు అయస్కాంతీకరణాన్ని లాగుతుంది. మన పక్క కళ్లంలో బంతి కట్టడం చూసి ఉంటారు. చూడకపోతే మీ తాతగారిని అడగండి. పలుపులతో ఎడ్లను వరసగా మెడకు మెడ కట్టి గడ్డి మీద తిప్పుతారు. ఒక ఎద్దు పక్కకు పోదామనుకుంటుంది, ఇంకొకటి ఆగిపోదామనుకుంటుంది, కానీ పలుపు అందరినీ ఒకే దారిలో నడిపిస్తుంది. ఇనుములో ఆ పలుపు పరమాణువుల మధ్య ఉండే ఎక్స్‌ఛేంజ్ బలం. దాని పొడవు సుమారు 20 నానోమీటర్లు. గ్రెయిన్ దానికంటే పెద్దదైతే పలుపు సరిపోదు, ఎవరి ఇష్టం వాళ్లదే. గ్రెయిన్ చాలా చిన్నదైతే ఒక్క పలుపు పరిధిలో వందల గ్రెయిన్లు వస్తాయి, వాటి లాగుళ్లు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. జర్మనీకి చెందిన హెర్జర్ 1990లో దీన్ని సూత్రంగా పెట్టాడు: మిగిలే సగటు అనైసోట్రొపీ గ్రెయిన్ సైజు ఆరో ఘాతంతో మారుతుంది.

ఆరో ఘాతం అంటే ఏమిటో అంకెల్లో చూడండి. 20 నానోమీటర్ల గ్రెయిన్‌కు 48,000 జౌళ్లూ అలాగే ఉంటాయి. 10కి దించితే 64 రెట్లు తగ్గి 750 అవుతుంది. 5కి దించితే 12 మాత్రమే. మీ 0.6 డిగ్రీల వెడల్పును, పీక్ వెడల్పు నుంచి గ్రెయిన్ సైజు తేల్చే షెరర్ సూత్రంలో వేస్తే 14 నానోమీటర్లు వస్తుంది. యంత్రం సొంత వెడల్పు తీసివేస్తే ఇంకాస్త పెద్దదే. 14కు సగటు అనైసోట్రొపీ సుమారు 5,600. దాన్ని క్షేత్రంగా మారిస్తే గరిష్ఠ పరిమితి 67 ఆయర్‌స్టెడ్. నిజమైన కోయర్సివిటీ అందులో చిన్న భాగమే ఉంటుంది కాబట్టి మీకు 6 వచ్చినా 12 వచ్చినా ఆశ్చర్యం లేదు. అదే గ్రెయిన్ 10కి దిగితే పరిమితి 9కి పడిపోతుంది. మీకు కావలసిన మార్పు 4 నానోమీటర్లే.

పొరలకు ఒక మెలిక ఉంది, హెర్జర్ సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడేవాళ్లు ఇక్కడ తప్పుతారు. గ్రెయిన్ చిన్నదయ్యేకొద్దీ ఒకే దారిలో నడిచే గుంపు పరిధి పెరుగుతుంది. 10 నానోమీటర్లకు ఆ పరిధి 160, 5కి 1,280. మీ పొర మందమే 200. అంటే 5 నానోమీటర్ల గ్రెయిన్ల దగ్గర గుంపు పైకీ కిందికీ విస్తరించే చోటు లేదు, అడ్డంగానే విస్తరించాలి. సగటు తీసుకోవడానికి గ్రెయిన్లు తగ్గిపోతాయి. ఆరో ఘాతం మూడో ఘాతంగా మారుతుంది. 12 జౌళ్లు రావలసిన చోట 70 దాకా వస్తాయి. అయినా ఒక ఆయర్‌స్టెడ్ లోపే, బాధ లేదు. కానీ మీ గ్రాఫులో ఆరో ఘాతం గీత గీసి బిందువులు దాని మీద పడలేదని కంగారు పడకండి.

గ్రెయిన్లు ఎందుకు చిన్నవవుతాయి? సమతాస్థితిలో ఆల్ఫా ఇనుము 590 డిగ్రీల దగ్గర కూడా బరువులో 0.1 శాతం నైట్రోజన్‌నే ఇముడ్చుకుంటుంది. స్పట్టరింగ్‌లో మనం అంతకు ఎన్నో రెట్లు బలవంతంగా కుక్కుతాం. పరమాణువులు పలక మీద పడగానే చల్లబడిపోతాయి, సర్దుకునే తీరిక ఉండదు. ఎక్కువైన నైట్రోజన్ గ్రెయిన్ల సరిహద్దుల్లో చేరి వాటిని పెరగనివ్వదు. నైట్రోజన్ ఇంకా పెంచితే గామా ప్రైమ్, తరువాత ఎప్సిలాన్ అనే నైట్రైడ్ దశలు వస్తాయి, అయస్కాంతీకరణం జారిపోతుంది. చివరిది జీటా. గది ఉష్ణోగ్రతలో దానికి అయస్కాంతత్వమే లేదు. మీ 10 శాతం నమూనాల్లో అంకెలు కూలిపోవడానికి కారణం ఇదే.

ఇనుము, నైట్రోజన్ రెండే ఉంటే ఆ బంధం బలహీనం. గామా ప్రైమ్ ఏర్పడితే మోల్‌కు వెలువడే వేడి పది కిలోజౌళ్లకు అటూ ఇటూ. అదే టైటానియం నైట్రైడ్‌కు 338, అల్యూమినియం నైట్రైడ్‌కు 318, టాంటలం నైట్రైడ్‌కు 250 దాకా. అందుకే 1990లలో హార్డ్ డిస్క్ రైట్ హెడ్ల కోసం ఈ పొరలను వాడాలనుకున్న వాళ్లంతా టాంటలం, అల్యూమినియం, జిర్కోనియం, హాఫ్నియం ఏదో ఒకటి కలిపారు. పొరను వేడి చేసినప్పుడు నైట్రోజన్ ఇనుమును వదిలి టాంటలాన్ని పట్టుకుంటుంది, సరిహద్దుల్లో కణికలుగా నిలుస్తుంది. పొలం గట్లు పటిష్ఠంగా ఉంటే మడిలో నీళ్లు పక్క మడిలోకి పోనట్టు, ఒక గ్రెయిన్ పక్క దాన్ని మింగలేదు. ఉత్త ఐరన్ నైట్రైడ్ పొర 300 డిగ్రీలకే గ్రెయిన్లు పెరిగి గట్టిపడిపోతుంది, టాంటలం ఉన్నది అంతకంటే ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. అయస్కాంతం కాని టాంటలం కొంత చోటు తింటుంది కాబట్టి 1.6, 1.7 టెస్లాతో సరిపెట్టుకోవాలి. కోయర్సివిటీ మాత్రం ఒక ఆయర్‌స్టెడ్ లోపలికి వస్తుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2000లో ఇంకో దారి చూపారు. ఇనుము, కోబాల్ట్, నైట్రోజన్ పొరకు కిందా పైనా అతి పలుచని పెర్మలాయ్ (నికెల్, ఇనుముల మెత్తని మిశ్రమం) వేస్తే 2.4 టెస్లా ఉంటూనే మెత్తబడింది. అడుగున ఉన్న కొద్ది పరమాణు వరసలు పైనున్న వందల వరసల స్వభావాన్ని మార్చడం నాకిప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

టాంటలం లక్ష్యం కొనే డబ్బు లేదని వెనక్కి తగ్గకండి. ఇనుప లక్ష్యం మీద అరిగిన ఉంగరం లాంటి గాడి కనబడుతుంది కదా, దాని మీద టాంటలం రేకు ముక్కలు 5 మిల్లీమీటర్లవి నాలుగు, ఆరు, ఎనిమిది ఇలా సమదూరంలో పెట్టండి. ముక్కల సంఖ్యతో టాంటలం శాతం మారుతుంది. మేమూ అలాగే మొదలుపెట్టాం. ఇనుప లక్ష్యం మందం మాత్రం 1, 2 మిల్లీమీటర్లు మించకూడదు. మందంగా ఉంటే మాగ్నెట్రాన్ క్షేత్రాన్ని ఇనుమే మింగేస్తుంది, ప్లాస్మా వెలగదు.

ఇక్కడ మన జిల్లాల గోడు ఒకటి చెప్పాలి. మా పక్క బోరు నీళ్లు ఎంత గట్టివో మీకు చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ సంగతి దేశమంతటికీ తెలుసు, దాన్ని తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. కానీ పరికరాలను చంపేది ఆ నీళ్లలోని సున్నం. ఒక కళాశాలలో ప్లాస్మా రోజురోజుకూ బలహీనపడుతోందని పిలిస్తే వెళ్లాను. మాగ్నెట్రాన్ వెనక గొట్టం విప్పితే లోపల తెల్లటి సున్నపు పెచ్చు, సన్నని పుల్ల దూరేంత సందు మిగిలింది. లక్ష్యం వెనకున్న నియోడిమియం అయస్కాంతాలు వేడికి సగం బలం కోల్పోయాయి. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలు దాటితే నమ్మడానికి లేదు. డిస్టిల్డ్ నీళ్లు నింపిన చిన్న చిల్లర్ పెట్టుకోండి. మే నెలలో గది 40 దాటినప్పుడు అది ఉంటే తప్ప పొరలు ఒకదానితో ఒకటి పోలవు.

కోయర్సివిటీ 12లో సగం పరికరానిదని ముందే అన్నాను. మీ వీఎస్ఎం క్షేత్రాన్ని ఆగకుండా మారుస్తూ కొలుస్తుంది. లాక్-ఇన్ (సంకేతాన్ని వడకట్టే పరికరం) టైం కాన్‌స్టంట్ 0.3 సెకన్లు, క్షేత్రం సెకనుకు 20 ఆయర్‌స్టెడ్ వేగంతో మారుతోంది అనుకోండి. సంకేతం 6 ఆయర్‌స్టెడ్ వెనకబడి వస్తుంది. వెళ్లేటప్పుడు ఒక పక్కకు, తిరిగి వచ్చేటప్పుడు ఇంకో పక్కకు. లూప్ (క్షేత్రం మారేకొద్దీ అయస్కాంతీకరణం గీసే వలయం) వెడల్పైపోతుంది, లేని కోయర్సివిటీ పుడుతుంది. పరీక్ష చాలా తేలిక: వేగాన్ని నాలుగో వంతుకు తగ్గించి అదే నమూనా మళ్లీ కొలవండి. కోయర్సివిటీ దిగిందంటే దొంగ దొరికినట్టే. విద్యుదయస్కాంతం ఇనుప ధ్రువాల్లో కరెంటు ఆపాక కూడా కొన్ని ఆయర్‌స్టెడ్‌ల క్షేత్రం మిగిలి ఉంటుంది. క్షేత్రాన్ని కరెంటు నుంచి లెక్కించే యంత్రమైతే అదీ కలుస్తుంది. పది వేల ఆయర్‌స్టెడ్‌ల కోసం కట్టిన యంత్రంతో ఒక ఆయర్‌స్టెడ్ కొలవడం, ధాన్యం తూచే కాటా మీద బంగారం తూచడం లాంటిది.

నా సలహా, హెల్మ్‌హోల్ట్జ్ కాయిల్ మీరే చేసుకోండి. పది సెంటీమీటర్ల వ్యాసార్థంతో రెండు చుట్లు, ఒక్కోదానికి 100 పోగులు, రెండింటి మధ్య దూరం సరిగ్గా పది సెంటీమీటర్లు. ఒక ఆంపియర్‌కు మధ్యలో 9 ఆయర్‌స్టెడ్ వస్తుంది, 5 ఆంపియర్లకు 45. లోపల ఇనుము లేదు కాబట్టి కరెంటు ఆపితే సున్నాయే. నేను నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర బోరు మోటార్లు వైండింగ్ చేసే కుర్రాడి చేత చుట్టించాను. పీవీసీ గొట్టం ముక్కలు రెండు, మోటారు తీగ ఇచ్చాను. పోగులు లెక్క తప్పకూడదు అని నేను రెండుసార్లు చెబితే, సార్, పోగు తప్పితే మోటారు కాలిపోతుంది, మాకు లెక్క మీకంటే బాగా వచ్చు అన్నాడు. తప్పలేదు కూడా. దాని మధ్య పొరను పెట్టి, లేజర్ పాయింటర్, రెండు పోలరాయిడ్లు, ఒక ఫొటోడయోడ్‌తో కెర్ ప్రభావం (అయస్కాంతీకరణం వల్ల ప్రతిఫలించిన కాంతి ధ్రువణం తిరగడం) చూస్తే లూప్ దొరుకుతుంది. కెర్ పద్ధతి పై 10, 20 నానోమీటర్లనే చూస్తుందని గుర్తుంచుకోండి, పైపొర తుప్పుపడితే తప్పు చెబుతుంది. కాయిల్ అక్షాన్ని తూర్పు పడమరలుగా పెడితే భూమి క్షేత్రం, మన దగ్గర 0.4 ఆయర్‌స్టెడ్, కొలత దిశలో అడ్డురాదు.

ఒత్తిడి సంగతి ఇంకా మిగిలింది. గ్రెయిన్ ఎంత చిన్నదైనా ఒత్తిడి ఉంటే పని చెడుతుంది. మాగ్నెటోస్ట్రిక్షన్, అంటే అయస్కాంతీకరణంతో పదార్థం సాగే పాళ్లు, పది లక్షలకు 3 వంతులే అనుకున్నా, 500 మెగాపాస్కల్ ఒత్తిడికి 2,250 జౌళ్ల అనైసోట్రొపీ వస్తుంది, అంటే 28 ఆయర్‌స్టెడ్‌కు సమానం. గ్రెయిన్లు చిన్నవి చేసి కష్టపడి సంపాదించిందంతా ఇక్కడ పోతుంది. నొక్కుడు ఒత్తిడికి తోడు మాగ్నెటోస్ట్రిక్షన్ ధనాత్మకమైతే అయస్కాంతీకరణం పొర నుంచి పైకి లేవాలని చూస్తుంది. అప్పుడు లూప్ మధ్యలో కొంచెం నిలువుగా, ఆపై సంతృప్తి దాకా వాలుగా సాగుతుంది. మీరు 7 శాతం నైట్రోజన్‌తో వేసిన పొర లూప్ ఆకారం నాకు అలాగే కనిపించింది. ఒత్తిడి చూడటానికి సూక్ష్మదర్శిని కవర్ స్లిప్ ఒకటి చాంబర్‌లో పెట్టండి. పొర వేశాక దాన్ని ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని ప్రతిబింబం చూడండి. గీత తిన్నగా ఉంటే ఒత్తిడి తక్కువ. పొర వైపు ఉబ్బితే నొక్కుడు. ఆర్గాన్ పీడనం కాస్త పెంచితే నొక్కుడు తగ్గుతుంది, మరీ పెంచితే పొర స్తంభాలుగా విడిపోయి సందుల్లో ఆక్సిజన్ చేరుతుంది. ఈ మధ్య బిందువు పుస్తకాల్లో దొరకదు, మీ చాంబర్‌కు మీరే వెతుక్కోవాలి.

ఇంత మెత్తదనం దేనికని మీ ఊళ్లో ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక లెక్క: 2 టెస్లా సంతృప్తి, తలంలో 20 ఆయర్‌స్టెడ్ అనైసోట్రొపీ ఉన్న పొర పారగమ్యత (క్షేత్రాన్ని ఎన్ని రెట్లు పెంచుతుందన్న అంకె) 1,000, అది సుమారు 1.8 గిగాహెర్ట్జ్ దాకా పనిచేస్తుంది. చిప్ మీదే ఇండక్టర్ కట్టాలనుకునేవాళ్లకు కావలసింది అదే. ఆ 20 ఆయర్‌స్టెడ్ ఒకే దిక్కున రావాలంటే పొర వేసేటప్పుడే గాజు పలకకు రెండు పక్కలా చిన్న అయస్కాంతాలు పెట్టాలి.

ముందు కొత్త రకం పొరలేవీ వేయకండి. పాత 4 శాతం నమూనాలో మార్కర్ మెట్టు లేదు కాబట్టి, అదే షరతులతో గీత గీసిన పలక ఒక్కటి వేసి మందం తీయండి. వీఎస్ఎంలో టైం కాన్‌స్టంట్ ఎంత, క్షేత్రం వేగం ఎంత, క్వార్ట్జ్ మానిటర్‌లో టూలింగ్ ఫ్యాక్టర్ ఎంత ఉందో చూసి ఆ మూడు అంకెలు ఇక్కడ రాయండి. నైట్రోజన్‌ను సూది వాల్వ్‌తో ఇస్తున్నారా, ఫ్లో కంట్రోలర్‌తో ఇస్తున్నారా అన్నదీ చెప్పండి.